ఏర్గట్ల బొంత: ఊకె ఇచ్చేదైనా ఊకె కుట్టరు

నిజామాబాద్ వైపు బండేసుకుని వెళ్లే కుర్రకారులో చాలామంది అంకాపూర్ దగ్గర ఆగుతారు. దేశీ కోడి కూర పార్శిల్ కట్టించుకుంటారు, ఫొటో తీసి స్టేటస్‌లో పెడతారు, తినేసి వెనక్కి తిరుగుతారు. ఈసారి తిరగకండి. ఆర్మూర్ దాటి మెట్‌పల్లి రోడ్డు పట్టుకుని మోర్తాడ్ దాకా వెళ్లండి. అక్కడి నుంచి ఎడమ చేతికి, గోదావరి వైపు తిరిగితే ఏర్గట్ల.

చూడ్డానికి ఏముందక్కడ అంటారా? కోట లేదు, జలపాతం లేదు, సెల్ఫీ పాయింటూ లేదు. 2016లో జిల్లాలను, మండలాలను విడగొట్టినప్పుడు మండల కేంద్రమైన ఊరు. అంతకుముందు మోర్తాడ్ మండలంలో ఉండేది. చుట్టూ పసుపు చేలు, మక్క చేలు. ఇంకాస్త ముందుకు పోతే తడ్‌పాకల్ దగ్గర గోదావరి. జనవరి చివర్లో వెళ్తే పసుపు తవ్వుతూ, ఉడకబెడుతూ, ఆరబోస్తూ మనుషులు కనిపిస్తారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైందన్న వార్త మీరూ చదివే ఉంటారు. ఆ పసుపు పండేది ఇలాంటి చేలల్లోనే.

నేను వెళ్లింది మాత్రం పసుపు కోసం కాదు. బొంత కోసం.

పులి బొమ్మ దుప్పటి వచ్చాక

బొంత ఎప్పుడూ చూడని వాళ్లు కూడా ఇప్పుడు ఉన్నారు కాబట్టి రెండు మాటలు. చిరిగిన చీరలు, లుంగీలు, ధోతులు పొరలు పొరలుగా పరిచి, అన్నింటినీ కలిపి చేత్తో కుట్టేస్తే అది బొంత. చలికాలంలో కప్పుకోవచ్చు, మిగతా కాలంలో కింద పరుచుకోవచ్చు. పక్కనే ఉన్న మహారాష్ట్రలో దీన్ని గోధడి అంటారు. ఉత్తర కర్ణాటకలో కౌది. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని. పేరు ఏదైనా సూత్రం ఒకటే: పాత బట్టను పారేయొద్దు, దాని మీద ఇంకో బట్ట పెట్టి కుట్టు.

వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది? బట్ట నుంచి కాదు, బట్టల మధ్య చిక్కుకున్న గాలి నుంచి. పొరకీ పొరకీ మధ్య కదలకుండా ఉండే గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. వందసార్లు ఉతికిన నూలు చీర మెత్తగా అయిపోయి ఉంటుంది. అందుకే కొత్త బట్టతో కుట్టిన బొంత కన్నా పాత బట్టతో కుట్టిన బొంతే ఒంటికి హాయి.

మరి ఈ ఊళ్లలో బొంతలు ఎందుకు తగ్గిపోయాయి? జవాబు ఇంట్లోకి అడుగు పెట్టగానే కనిపిస్తుంది. నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి ఎంతమంది గల్ఫ్ వెళ్లారో లెక్క చెప్పక్కర్లేదు. స్లాబు ఇండ్లు చూస్తే చాలు. దుబాయి నుంచో మస్కట్ నుంచో సెలవు మీద వచ్చే మనిషి సామానులో అత్తరు సీసాలు, టార్చిలైటు, నొప్పుల బామ్‌తో పాటు జిప్పు సంచిలో ఒక మందపాటి దుప్పటి ఉంటుంది. దాని మీద పెద్ద పువ్వో, పులో, గుర్రమో. ఆ దుప్పటి మంచం మీదకొచ్చాక బొంత అటక మీదకెళ్లింది.

ఇంకో కారణం చీర. పాలిస్టర్ చీరలు వచ్చాక బొంతకు పనికొచ్చే బట్టే కరువైంది. పాలిస్టర్ చిరగదు, మెత్తబడదు, చెమట పీల్చదు. సూది దించితే జారిపోతుంది.

అయినా ఏర్గట్లలో ఆదివారం మధ్యాహ్నం పూట బొంతలు కుట్టే ఆడవాళ్లు కొందరున్నారు. నా స్నేహితురాలి పుట్టిల్లు ఆ ఊరే. వాళ్ల పెద్దమ్మ చిన్న చర్చి ఒకదానికి వెళ్తుంది. ఆరాధన అయ్యాక, భోజనాలయ్యాక, ఆ చర్చి ఆడవాళ్లు ఓ రేకుల షెడ్డు కింద చాపలు పరుస్తారు. కుట్టినవి అవసరం ఉన్న వాళ్లకు ఊరికే ఇచ్చేస్తారు. "మా దగ్గర కుట్టు వేరే ఉంటది, వచ్చి నేర్చుకో" అని నా స్నేహితురాలు ఎన్నాళ్ల నుంచో అంటోంది. మాది కోస్తా. మా ఇళ్లలో బొంత అంటే ఒక చివర నుంచి ఇంకో చివరకు గీతల్లా వెళ్లే తిన్నని కుట్లు. వీళ్ల కుట్టు అలా కాదట. చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుందట.

సగం మంది చర్చికి రారు, బొంతకు వస్తారు

షెడ్డు కింద తొమ్మిదిమంది ఉన్నారు. పాస్టరమ్మ చీరల మూట విప్పుతోంది. మూలన ఒకావిడ చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె సూది పట్టేది చుట్టాల్సిన కట్టలు అయ్యాకే. ఇద్దరు కాలేజీ పిల్లలు. ఒకామె చేతులు మణికట్టు దాకా పసుపు. పొద్దున పసుపు కొమ్ముల దగ్గర పని చేసి వచ్చిందట. "నువ్వు తెల్లబట్ట ముట్టకే!" అని అందరూ నవ్వుతున్నారు.

"వందనాలమ్మా" అని పాస్టరమ్మ పలకరించింది. పెద్దమ్మ మాత్రం నన్ను కిందా మీదా చూసి, "కోస్తోళ్లు బొంత కప్పుకుంటరా? మీకు సలే ఉండదాయె!" అంది.

వచ్చిన వాళ్లందరూ ఆ చర్చి వాళ్లేనా అని అడిగాను. "సగం మంది చర్చికి రారు, బొంతకొస్తరు" అంది పెద్దమ్మ. బీడీలు చుట్టే ఆవిడ మెడలో ఎల్లమ్మ బిళ్ల ఉంది. ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

ఎలా కుడతారంటే..

ఫోన్‌లో నోట్ చేసుకోవాలనుకునే వాళ్ల కోసం వరసగా చెప్తాను.

ముందు చీరలు. వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఫాల్ ఊడదీస్తారు. జరీ అంచు ఉంటే కత్తిరించేస్తారు, అది ఒంటికి గీసుకుంటుంది కాబట్టి. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. దాన్ని పొడవు మీద మూడు మడతలు వేస్తే మనిషి పడుకునేంత పొడవు, ఇంచుమించు 180 సెంటీమీటర్లు వస్తుంది. వెడల్పు 115 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అలా రెండు చీరలు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరు పొరలు. కాస్త గట్టిగా ఉన్న మూడో చీరను కిందా పైనా చుడితే ఎనిమిది. అంతే, ఒక మనిషికి సరిపడే బొంతకు మూడు చీరలు.

తర్వాత సాగదీయడం. నలుగురు నాలుగు మూలలూ పట్టుకుని లాగుతారు. ముడత లేకుండా చాప మీద దించి, మూలలకు నీళ్ల చెంబులు పెడతారు. అప్పుడు పొడవాటి కచ్చా టాకాలు అడ్డంగా, నిలువుగా వేస్తారు. ఇవి పొరలు జరగకుండా పట్టుకోవడానికే. అసలు కుట్టు అయిపోయాక వీటిని లాగేస్తారు.

ఇక అసలు కుట్టు. ఒక మూల దగ్గర మొదలుపెట్టి అంచు వెంబడే నాలుగు వైపులా తిరిగి వస్తారు. ఒక చుట్టు పూర్తయ్యాక వేలి వెడల్పు జాగా వదిలి, లోపల రెండో చుట్టు. దాని లోపల మూడోది. చదరంలో చదరం, దానిలో ఇంకో చదరం. అలా మధ్యకు చేరతారు.

"సూది నిలువు పెట్టకు బిడ్డా, పండవెట్టు" అని పెద్దమ్మ నా చేయి పట్టుకుని చూపించింది. సూదిని బట్టకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, మొన కిందికి దిగీ దిగగానే పైకి ఎత్తాలి. మూడు నాలుగు టాకాలు సూదికి ఎక్కాక ఒకేసారి లాగాలి. ఎనిమిది పొరల్లోంచి సూది బయటికి రావాలంటే వేలికి బలం కావాలి. దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తానా వీళ్లు వాడరు. పెద్దమ్మ చూపుడు వేలి కొస తడిమి చూశాను. రేగి గింజలా గట్టిపడిపోయి ఉంది.

దారం ముడి పైకి కనిపించకూడదు. ముడి వేశాక చిన్నగా లాగితే అది పై పొర దాటి లోపలికి దూరిపోతుంది. అక్కడే ఉండిపోతుంది. పడుకున్నప్పుడు వీపుకు గుచ్చుకోదు.

మధ్యకు వచ్చేసరికి మాట మారుతుంది

అంచు నుంచి లోపలికి కుట్టడంలో ఒక చిక్కు ఉంది. బట్టలో ఉన్న వదులంతా మధ్యలోకి నెట్టుకొస్తుంది. జాగ్రత్తగా లేకపోతే నడిమధ్యలో బొంత పూరీలా పొంగుతుంది. అమెరికాలో క్విల్ట్ కుట్టే వాళ్లలో చాలామంది నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు వెళ్లేది ఇందుకే. వదులు బయటికి పోతుందని.

మరి వీళ్లు ఆ చిక్కును ఎలా దాటుతారు? నాలుగు వైపులా నలుగురు కూర్చుంటారు. నలుగురూ ఒకే నడకతో లోపలికి రావాలి. ప్రతి చుట్టుకూ అరచేత్తో బట్టను సదును చేస్తూ రావాలి. ఒకరు ముందుకు ఉరికినా, ఒకరు వెనకబడినా బొంత వంకర పోతుంది. చేయి తిరిగిన వాళ్లు తమ చేతిని కాస్త తగ్గించుకుంటారు. కొత్తవాళ్లు కాస్త పెంచుకుంటారు. నన్ను పెద్దమ్మకు ఎదురుగా కూర్చోబెట్టారు. గంట గడిచేసరికి ఆమె సూది లాగే చప్పుడును బట్టి నా సూది లాగడం అలవాటైపోయింది.

ఎన్ని టాకాలు పడతాయో ఫోన్‌లో లెక్క వేశాను. 180 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు, వరసకూ వరసకూ మధ్య రెండు సెంటీమీటర్లు. మొత్తం కుట్టు పొడవు వంద మీటర్ల పైచిలుకు. రెండు సెంటీమీటర్లకో టాకా అనుకుంటే అయిదు వేల టాకాలు! చదివి వినిపిస్తే బీడీలావిడ తల ఎత్తింది.

"వెయ్యి బీడీలకైతే ఇంతని లెక్కుంటది. దీనికి లెక్క నువ్వే కట్టినవ్, ఇప్పటిదాంక ఎవలు కట్టలే" అంది.

కుట్టు లోపలికి వచ్చే కొద్దీ మనుషులూ దగ్గరవుతారు. మొదట బొంత చుట్టూ కూర్చున్న వాళ్లు తర్వాత బొంత మీదకే ఎక్కాలి. మోకాళ్లు తగులుతుంటాయి. అంచుల దగ్గర ఉన్నంతసేపూ ఊరి ముచ్చట్లు నడిచాయి. ఎవరి పెళ్లి, ఎవరి బర్రె, పసుపు రేటు ఎంత. మధ్యకు వచ్చేసరికి గొంతులు తగ్గి ఇంటి ముచ్చట్లు మొదలయ్యాయి.

పసుపు చేతుల ఆమె తన సంచిలోంచి ఒక లుంగీ, ఒక చొక్కా తీసింది. భర్తవి. అతను వెళ్లి ఆరేళ్లు దాటింది. మధ్యలో ఒక్కసారి కూడా రాలేదు. ఫోన్ చేస్తాడు, పైసలు పంపిస్తాడు, వచ్చే ఏడు వస్తానంటాడు. చొక్కా నూలుది, నీలం గీతలు, బొంతకు పై ముక్కగా చక్కగా సరిపోతుంది. కాలేజీ పిల్ల కత్తెర అందించింది. ఆమె తీసుకోలేదు.

"వచ్చినంక నా అంగి ఏదే అంటే ఏం చెప్పాలె?" అంది నవ్వుతూ.

ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మ లుంగీ ఒక్కటి తీసి పొరల్లో పరిచింది. చొక్కా మడత పెట్టి ఆమె సంచిలోనే పెట్టింది. "లుంగీ చాలు తియ్యి. అంగి వచ్చినంక చూద్దాం" అంది.

సూది గుచ్చుకుంటే తెలియాలి

ఈ జిల్లాలో చర్చి, సేవ అనే రెండు మాటలు కలిసి వినిపిస్తే పాతతరం వాళ్లకు ముందు గుర్తొచ్చేది డిచ్‌పల్లి. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో వస్తుంది. మీ తరానికి తెలంగాణ యూనివర్సిటీ ఉన్న ఊరు. వాళ్లకు మాత్రం కుష్ఠు దవాఖాన ఉన్న ఊరు.

ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, మిషనరీ అయిన ఆమె భర్త జార్జ్ కెర్ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. కుష్ఠు సోకిన వాళ్లను ఊరి బయటికి వెళ్లగొట్టే రోజులవి. వాళ్ల కోసం 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. దానికి పెద్ద విరాళం ఇచ్చింది నర్సాగౌడ్ అనే హిందూ దాత. సాయం చేసే మనిషిది ఏ గుడి, అందుకునే మనిషిది ఏ గుడి అన్న లెక్క అప్పుడూ లేదు. ఏర్గట్ల షెడ్డు కింద ఎల్లమ్మ బిళ్ల ఎవరికీ వింతగా కనిపించకపోవడం కొత్తేమీ కాదన్నమాట. ఇసబెల్ కెర్ సేవకు 1923లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది.

బొంతకూ కుష్ఠుకూ ఏమిటి సంబంధం అనకండి. సూది ఉంది. కుష్ఠు క్రిమి ముందుగా దెబ్బతీసేది నరాలను. వేళ్లకు స్పర్శ పోతుంది. సూది గుచ్చుకున్నా, చేయి కాలినా తెలియదు. తెలియదు కాబట్టి పుండు పడుతుంది, పుండు ముదురుతుంది. వేళ్లు పోయేది వ్యాధి వాటిని కొరికేయడం వల్ల కాదనీ, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్లేననీ వేలూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గట్టిగా చెప్పారు. నొప్పి మన శత్రువు కాదు, కాపలాదారు అన్నది ఆయన జీవితాంతం చెప్పిన మాట.

ఇప్పుడు ఈ వ్యాధికి భయపడాల్సిన పని లేదు. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స ఉంది. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పది వేల మందిలో ఒక్కరి కన్నా తక్కువ స్థాయికి దేశంలో వ్యాధి తగ్గిందని 2005 చివర్లో లెక్క తేలింది. అలాగని పూర్తిగా పోలేదు. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే దాచుకోకుండా చూపించుకోవాలి.

ఆ మధ్యాహ్నం నా బొటనవేలికి సూది నాలుగుసార్లు గుచ్చుకుంది. ప్రతిసారీ పెద్దమ్మ అదే మాట: "తెలుస్తుంది గద, మంచిదే."

అమ్ముదామా? ఇచ్చేద్దామా?

పని ముగిసే వేళకు అసలు చర్చ మొదలైంది. కాలేజీ పిల్లల్లో ఒకామె ఫోన్ చూపించింది. అందులో ఇలాంటి బొంతనే ఎవరో వేలల్లో అమ్ముతున్నారు. "మనం కూడ ఇన్‌స్టాల పెడ్దాం పెద్దమ్మా. రీల్ నేను చేస్తా" అంది.

పాస్టరమ్మకు ఇష్టం లేదు. ఇవ్వడానికి కుట్టినదానికి ధర కట్టడమేమిటి అని. బీడీలావిడకూ ఇష్టం లేదు. ఆమె కారణం మాత్రం వేరు.

"అమ్ముడంటే ఎవడో వచ్చి రేటు కడ్తడు. వెయ్యి టాకాలకు ఇంతంటడు. మల్ల నాసిగ ఉందని కొన్ని తీసేస్తడు. గీ ఒక్క పనన్న నా చేతుల ఉండనియ్యుండ్రి" అంది.

ఆమె భయం ఉత్తది కాదు. గోదావరి ఇంకో చివర, నరసాపురం వైపు చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు. సాయంగా మొదలైన పని పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ లేసు ఆడవాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. రోజంతా అల్లే వాళ్లను కూడా 'ఇంట్లో ఉండే ఆడవాళ్లు' అనే లెక్కించారనీ, తీరిక వేళ చేసే పని అన్న పేరుతో వాళ్ల కష్టానికి అతి తక్కువ కట్టారనీ అందులో చూపించారు. ఆ లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. పేరు వచ్చింది, సంతోషమే. అల్లిన వేలికి ఎంత వచ్చిందన్నది ఎప్పుడూ అడగాల్సిన ప్రశ్నే.

అయితే అమ్మడం ఎప్పుడూ చెడ్డదేనా అంటే అదీ కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పత్తి చేలల్లో పనిచేసి, చిరిగిన పని బట్టలతోనే బొంతలు కుట్టుకునేవారు. ఓటు హక్కు పోరాటంలో నిలబడినందుకు ఆ ప్రాంతంలో కొందరు పనులూ ఇళ్లూ పోగొట్టుకున్నారు. అప్పుడు ఫ్రాన్సిస్ వాల్టర్ అనే చర్చి ఫాదర్ ఆ బొంతలను న్యూయార్క్‌లో వేలం వేయించారు. 1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్లంతా కలిసి 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. సొంత సంపాదన వచ్చింది. 2002లో గీస్ బెండ్ బొంతలు పెద్ద మ్యూజియంలలో గోడకెక్కాయి. 2006లో అమెరికా తపాలా బిళ్లల మీదకెక్కాయి.

అదే అమెరికాలో లూథరన్ చర్చిల ఆడవాళ్లు ఇప్పటికీ మిగిలిపోయిన బట్టలతో బొంతలు కట్టి, ముక్కూ మొహం తెలియని దేశాల్లోని శరణార్థులకు పంపుతుంటారు. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎనిమిది అంగుళాల పొడవు. వాటిలో చాలావాటికి వరస కుట్లు ఉండవు. కొంత కొంత దూరంలో పొరలన్నిటికీ కలిపి ఒక్కో ముడి. త్వరగా అవుతుంది, ఎక్కువమందికి అందుతుంది. కాలేజీ పిల్ల ఆ వీడియో కూడా చూపించింది. "మనం కూడ గిట్లనే ముళ్లు వేస్తే ఒక్క ఆదివారం మూడు అయితయి" అని ఆశగా అంది. అప్పటికే తన వైపు టాకాలను కాస్త పొడుగ్గా వేస్తూ వచ్చింది కూడా.

పెద్దమ్మ వీడియో చివరిదాకా చూసింది. బాగుందంది. తర్వాత వంగి ఆ పిల్ల కుట్టిన వరస మీద వేలు పెట్టి కొలిచింది. వేలి వెడల్పు కాదు, రెండు వేళ్లు ఉంది. మాటా పలుకూ లేకుండా దారం లాగేసి, సూది మళ్లీ ఎక్కించి ఆ పిల్ల చేతికిచ్చింది.

"ఊకె ఇచ్చేదే. అని ఊకె కుడ్తవా?"

తెలంగాణలో 'ఊకె' అంటే ఉచితంగా అనీ అర్థమే, ఏదో ఒకలా అనీ అర్థమే. రెండు 'ఊకె'ల మధ్య తేడా తెలిస్తే ఆ షెడ్డు కింద జరిగేదంతా తెలిసినట్టే. మనం దానం అని ఇచ్చే బట్టల మూటలు ఒకసారి గుర్తు చేసుకోండి. గుండీలు లేని చొక్కాలు, జిప్పు పోయిన ప్యాంట్లు. డబ్బులు తీసుకోని పనికి వంద మీటర్ల కుట్టు ఎందుకంటే, కప్పుకునే మనిషికి అది ఉచితంగా వచ్చిందా, కొన్నదా అన్న సంగతి చలికి తెలియదు.

చివరికి వాళ్లు ఒక మాట మీదకొచ్చారు. నలుగురు ఇచ్చిన చీరలతో కుట్టింది నలుగురికే ఇవ్వాలి, అమ్మకూడదు. ఎవరైనా తమ చీరలు తెచ్చి కుట్టిపెట్టమంటే కుట్టుకూలి తీసుకోవచ్చు. రేటు బయటివాడు కాదు, వీళ్లే చెప్పాలి. వచ్చిన కూలి ఆ బొంత మీద ఎన్ని చేతులు పడితే అన్ని భాగాలు. బీడీలావిడ ఆలోచించి, "రేటు నేను చెప్త" అంది. అందరూ సరే అన్నారు.

ఎవరికి వెళ్తాయి?

పూర్తయిన బొంతలు టౌన్‌లోని పెద్దాసుపత్రికి వెళ్తాయి. రోగులకు కాదు. రోగులకు మంచం ఉంటుంది, దుప్పటి ఉంటుంది. పక్కన ఉండే మనిషికి ఏమీ ఉండదు. కోడలి కాన్పుకొచ్చిన అత్త, కొడుకు కాలు విరిగితే వచ్చిన తండ్రి రాత్రిపూట వరండాలో బండల మీద న్యూస్‌పేపర్ పరుచుకుని పడుకుంటారు. ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా కనిపించే దృశ్యమే ఇది. పల్లె నుంచి వచ్చిన వాళ్లు తామే ఎన్నోసార్లు అలా పడుకున్నారు కాబట్టి ఆ బండల చల్లదనం ఈ ఆడవాళ్లకు తెలుసు.

ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయరు. బ్యానర్ పట్టుకోరు. వెళ్లేటప్పుడు మీతో తీసుకెళ్లండి, మళ్లీ ఇక్కడికి తేనక్కర్లేదు అని మాత్రం చెప్తారు. ఆ చెప్పే పని ఈసారి కాలేజీ పిల్లలకు ఇచ్చారు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే

ఏర్గట్ల వెళ్లినా వెళ్లకపోయినా, ముందు మీ ఇంట్లో అమ్మనో అమ్మమ్మనో అడగండి. బొంత కుట్టడం వచ్చిన వాళ్లు మీరనుకున్న దాని కన్నా దగ్గర్లోనే ఉంటారు. మూడు నూలు చీరలు, రెండు కండెల గట్టి దారం, కన్ను పెద్దగా ఉన్న పొడవాటి సూది, ఓ శుభ్రమైన నేల. ఒక్కరే కూర్చుంటే వారాలు పడుతుంది. నలుగురు కూర్చుంటే రెండు ఆదివారాలు.

చీర ఎంచుకోవడానికి పెద్దమ్మ చెప్పిన గుర్తు ఇది. పాత చీర తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నేత సందుల్లోంచి ఎండ కనిపిస్తే అది బొంతకు పండినట్టు. కనిపించకపోతే మళ్లీ కట్టుకోమనండి, ఇంకో రెండేళ్లు ఆగొచ్చు.